గోధుమలా, నఫసా? ఆ ‘ఫ’కు అచ్చుందా లేదా

యతిభంగం: టర్కీ సూఫీ కథ ఒకటి తెలుగు చేస్తున్నాం కదా. కరువులో కవి యూనుస్ ఎమ్రే అలిచ్ అనే చిన్న అడవిపండ్లు మోసుకెళ్తే, పీరు హాజీ బెక్తాష్ “గోధుమలు కావాలా, న… కావాలా” అని అడిగిస్తాడు. ఆ రెండోది నఫసా, నఫ్సా? “ఆత్మ” అని చదివినట్టు లీలగా గుర్తు.

అచ్చుతప్పు: నఫసే. టర్కీ నోట నెఫెస్, ఊపిరి. నఫ్స్ అంటే అహం. పీరు దాన్ని దానమిస్తాడా? బేరం చివరికి అలిచ్ గింజకు పది నెఫెస్‌ల దాకా పోతుంది. అహాన్ని పదేసి లెక్కన ఎవరు కొలిచారు!

పాతపొత్తం: అంత తేలిగ్గా తేల్చకండి. ఈ కథ ఉన్న విలాయత్‌నామా, అంటే హాజీ బెక్తాష్ మహిమల పుస్తకం, 15వ శతాబ్ది చివరిది. అరబ్బీ లిపిలో రెండూ నూన్, ఫే, సీన్‌లే. 1928లో టర్కీకి లాటిన్ లిపి వచ్చాకే అచ్చు రాయక తప్పలేదు. విభక్తి చేరితే తేడా చెవికి తెలుస్తుంది: నెఫ్సి రెండక్షరాలు, నెఫెసి మూడు. పద్యమైతే పాదానికి 8 లేదా 11 అక్షరాలు లెక్కపెట్టి, 11 అయితే 6+5 విరుపు చూసి పట్టేయొచ్చు. వచన ప్రతిలో ఆ ఊతం లేదు.

దక్కనీ: దర్గాలో నీళ్ల మీద “దమ్” చేయించుకుంటారే, అదీ సంగతి. టర్కీలోనూ చదివి ఊదడాన్ని “నెఫెస్ ఎత్మెక్” అంటారు. నఫస్‌ని తెలుగులో “శ్వాస” అంటే యోగాసనాల పుస్తకంలా ఉంటుంది. “ఊదు” అనండి.

అచ్చుతప్పు: జనం సాంబ్రాణి పొగ అనుకుంటారు! పైగా హాజీ బెక్తాష్ బాటలో నడిచే బెక్తాషీల పాటల పేరే నెఫెస్. వాళ్లకు దగ్గరివాళ్లైన అలెవీలు జెమ్‌లో (ప్రార్థన సభలో) సాజ్ అనే తీగవాద్యం మీద పాడేదాన్ని ఎక్కువగా దెయిష్ అంటారు. పాటకు “ఊదు” ఎలా అతుకుతుంది?

పాతపొత్తం: హాజీ బెక్తాష్ వంశం తగాదాలోనూ ఈ మాటే. పీరు వజూ చేసిన (నమాజుకు ముందు కడుక్కున్న) నీళ్లు, ముక్కు నుంచి రాలిన నెత్తురుచుక్కతో సహా తాగి కదిన్‌జిక్ అనా గర్భవతి అయిందని కథ. అంటే పుట్టినవాళ్లు ఊపిరిబిడ్డలు. ఆ వంశంవాళ్లమనే చెలెబీలు మాత్రం తాము పీరు కన్న సంతతేనంటారు. బెక్తాషీల్లోనే బాబాగాన్ శాఖ ఒప్పుకోదు: పీరు బ్రహ్మచారి, వారసత్వం దీక్షదే.

యతిభంగం: గోధుమలు పుచ్చుకుని దారిలో నాలుక కరుచుకుని తిరిగొచ్చిన యూనుస్‌కి “నీ తాళంచెవి తప్తుక్ ఎమ్రేకి ఇచ్చేశాం” అని మరో గురువు దగ్గరికి పంపారుగా. ఆ తర్వాత ఆయన మాటే నెఫెస్ అయింది. ఆయన పాదం “సోజ్ ఒలా కెసె సవాషి”, అంటే యుద్ధం ఆపే మాట ఉంది, సరిగ్గా 8 అక్షరాలు! ఆ వెంటనే, తల తీయించే మాటా ఉందంటాడు.

దక్కనీ: మాట సరే, అలిచ్‌ని “రేగుపండు” అనకండి. రేగుకు ఒకటే టెంక. అలిచ్‌లో రెండు మూడు గింజలుంటాయి. మూడైతే కాయకు ముప్పై నఫసులు. రేగు అంటే కాయకు పదే, యూనుస్‌కు ఇరవై నష్టం.

అచ్చుతప్పు: ముప్పై నఫసులా, నెఫెస్‌లా?