మబ్బుతోనా, మబ్బులోనా?

పెన్నొడ్డు (అనంతపురం): ఒక వాక్యం వారం నుంచి చెవిలో జోరీగ మాదిరి తిరుగుతాంది. 'మబ్బుతో లేచి మడక కట్టినాడు.' మన సీమ కథే, పేరు గుర్తులేదు. హైదరాబాదులో చదివే మా మేనల్లునికి చెప్తే, 'మోడం పడితే దున్నడానికి పోయినాడు' అనుకున్నాడు. వాణ్ణి ఇడ్సండి. అది 'మబ్బుతో'నా, 'మబ్బులో'నా?

కొండారెడ్డి బురుజు (కర్నూలు): 'మబ్బులో'. చీకట్లో లేచినాడు, అంతే. పాత పుస్తకాల్లో అచ్చు అరిగితే తో, లో ఒకటే మాదిరి అగపడతాయి.

దేవుని కడప: అచ్చు మీదికి నెట్టద్దు సార్. మా అవ్వ 'మబ్బుతోనే లేచి కసువు కొట్టినా' అనేది. చీకటి ఇంకా ఉండంగానే అని. 'లో' అంటే చీకటి మధ్యలో, అర్ధరాత్రి గూడా కావచ్చు. 'తో'లో తెల్లారే సూచన ఉండాది.

కొండారెడ్డి బురుజు: అవ్వ సాక్ష్యం కోర్టులో చెల్లదు.

మడకశిర: కన్నడంలో మబ్బు అంటే మసక, చీకటి. 'మబ్బుగత్తలె' అంటాము. మీరు మావైపు నుంచి తెచ్చుకున్న మాటే ఇది.

దేవుని కడప: తెచ్చుకోవడమేంది సామీ, ఇద్దరి ఇంట్లోనూ ముందునుంచీ ఉండేదే. తమిళంలో 'మప్పు' లేదా? ఆ లెక్కన నిద్రమబ్బు గూడా మీదేనా? బ్రౌను నిఘంటువు తెరిచి చూడండి, చీకటి అనే అర్థం అందులోనూ ఉండాది. 1852లో అచ్చయింది. ఆయన 1820లో మా కడపకే వచ్చినాడు, ఇక్కడే బంగళా కొని పండితులకు జీతాలిచ్చి...

పెన్నొడ్డు: బ్రౌను 1829లో అచ్చేసిన వేమన మాత్రం మావోడు. కటారుపల్లె కదిరి పక్కనే.

దేవుని కడప: సమాధి మీకాడ ఉంటే పద్యాలన్నీ మీవే అవుతాయా? ఆయన యాడ పుట్టినాడో ముందు తేల్చండి.

(వేమన మీద ఇంకా పదకొండు వ్యాఖ్యలు పడినాయి. నావే నాలుగు, తప్పు నాదే. – పెన్నొడ్డు)

తుంగభద్ర (కర్నూలు): మేనల్లుణ్ణి మర్చిపోయినారు అందరూ. నేను ముప్పై ఏండ్లు తెలుగు చెప్పినాను. నిఘంటువు పక్కన పెట్టి కథలు చదవండి, మాట మూడుసార్లు ఎదురైతే అదే అర్థం చెప్తాది అనేదాన్ని. ఈ పిల్లోడు మబ్బు అనే మాటను ముప్పైసార్లు చదివినా మేఘమే అనుకుంటాడు. వాక్యం యాడా అడ్డం తిరగదు కదా! 'మడక' తెలీకపోతే ఎవర్నైనా అడుగుతాడు. 'మబ్బు' తెలుసు అనుకుంటాడు కాబట్టి అడగడు. 'కసువు' అంతే: నిఘంటువులో గడ్డి, మా ఇంట్లో చెత్త. కథలో ఆవు తింటాంటే ఒకటి, కోడలు ఊడుస్తాంటే ఇంకొకటి.

మడకశిర: అక్కా, మాకాడ ఆవు రెండూ తింటాది.

కొండారెడ్డి బురుజు: మేడమ్ చెప్పింది నిజమే గానీ, 'తో' సంగతి తేలలేదు. 'పొద్దుతో ఇల్లు చేరు' అంటామా మనం? 'పొద్దుండంగానే' అంటాము. అట్లాంటప్పుడు 'మబ్బుతో' యాడిది?

దేవుని కడప: 'ఎలుగుతో వచ్చెయ్యి' అంటాము గదా, వెలుతురు ఉండంగానే అని!

కొండారెడ్డి బురుజు: మీరంటారు. మా కర్నూలు దిక్కు అనరు.

తుంగభద్ర: నేనూ కర్నూలులోనే ఉండాను. అంటాము.

పెన్నొడ్డు: ఇప్పుడే మేనల్లుడు ఫోన్ చేసినాడు. అదే పుస్తకంలో ఇంకో కథ చదువుతాండాడంట. 'పదును వాన' అంటే సూదుల మాదిరి గుచ్చుకునే వాన కదా మామా అన్నాడు. భూమి విత్తనానికి తగినంత తడిసే వానరా అని చెప్పేలోపల పెట్టేసినాడు. పుస్తకం పేరు అడగడం మళ్లీ మరిచిపోయినా.