ఊళ్ళో తోలుబొమ్మలాట పెట్టించాలంటే: స్థలం, తెర, లైటు, పిల్లల పని, చందాల లెక్క

గట్టుమీది_వేప:
మా ఊరు ఐదు వందల గడప. సంక్రాంతికి తోలుబొమ్మలాట పెట్టించాలని యువజన సంఘం, డ్వాక్రా సంఘాలు కలిసి అనుకుంటున్నాయి. పాత ఊరు, కొత్త కాలనీ, ఎస్సీ కాలనీ వాళ్ళంతా ఒకచోట కూర్చునే సందర్భాలు బాగా తగ్గిపోయాయి, అసలు ఉద్దేశం అది. రామాలయం ముందు ఖాళీ స్థలం ఉంది, హైస్కూలు గ్రౌండూ ఉంది. ఎప్పటినుంచి మొదలుపెట్టాలి, ఏమేం చూసుకోవాలి, పిల్లల్ని ఎలా కలపాలి? ఇలాంటివి చేయించినవాళ్ళు వివరంగా చెప్పండి.

కొండవాగు:
హైస్కూలు గ్రౌండే పెట్టండి, రెండో ఆలోచన వద్దు. గుడి ముందు పెడితే ఎవరూ ఎవర్నీ రావద్దనరు, కానీ కొన్ని ఇళ్ళవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే రారు. వచ్చినా దూరంగా నిలబడి చూసి వెళ్తారు. బడిలో మూడు చోట్ల పిల్లలూ చదువుతారు కాబట్టి అది అందరిదీ.

కుర్చీలు వేయకండి. ముందు వరసలో పెద్దల కుర్చీలు పడ్డాయంటే వెనక కింద కూర్చున్నవాళ్ళకి తెర కనబడదు, ఎవరు ఎక్కడ కూర్చోవాలో కూడా అక్కడే తేలిపోతుంది. అందరికీ పట్టాలు పరచండి. మోకాళ్ళ నొప్పులున్న ముసలివాళ్ళకి పక్కల్లో బెంచీలు వేస్తే చాలు. కింద కూర్చుంటే మనిషికి ఐదారు చదరపు అడుగులు పడుతుంది, అంటే 250 మందికి దాదాపు 1,500 చదరపు అడుగులు. మొదటి వరస తెరకి ఎనిమిది అడుగుల దూరంలో ఉండాలి. మరీ పక్కకి కూర్చుంటే బొమ్మ సాగినట్టు కనిపిస్తుంది, అందుకని జనాన్ని వెడల్పుగా కాక పొడుగ్గా కూర్చోబెట్టండి.

ఉపన్యాసాలు ఐదు నిమిషాలు దాటనివ్వకండి. పిల్లలు అక్కడే నిద్రపోతారు.

తెరవెనుక_మేళం:
తెర సంగతి చెప్తాను. మేళం వాళ్ళు తెచ్చుకుంటారు, కానీ కట్టడానికి గుంజలు, వెదుళ్ళు, తాళ్ళు మీరే సిద్ధం చెయ్యాలి. నాలుగు గజాల తెల్ల పంచెలు రెండు నిలువునా కలిపి కుడితే సుమారు 12 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు వస్తుంది. పైనా కిందా వెదుళ్ళకి చుట్టగా కనిపించేది ఆరడుగులు. నేలకీ తెరకీ మధ్య రెండు మూడు అడుగులు నల్ల గొంగళి గానీ దుప్పటి గానీ కట్టాలి, లేకపోతే ఆడించేవాళ్ళ కాళ్ళు కనబడతాయి. నూలు బట్టే వాడాలి. పాలిస్టర్ అయితే బల్బు చుట్టూ మచ్చలాగా మెరుస్తుంది, బొమ్మల్ని నిలబెట్టడానికి గుచ్చే ఈత ముళ్ళకి దారాలు లేచిపోతాయి.

తెరని నిట్టనిలువుగా బిగించకండి. పైభాగం జనం వైపు ఒక అడుగు వంగాలి. అప్పుడే లోపలినుంచి బొమ్మ బట్టకి ఆనుకుని నిలుస్తుంది. బొమ్మకీ తెరకీ మధ్య నాలుగంగుళాల సందు వచ్చినా ముక్కూ కళ్ళూ అలుక్కుపోతాయి, రంగు పాలిపోతుంది. గాలికి తెర ఊగితే జరిగేది ఇదే. కాబట్టి తెర వెనక మూడు వైపులా పరదాలు కట్టాలి.

లైట్లు ఆడించేవాళ్ళకీ తెరకీ మధ్యన, తలకంటే కాస్త ఎత్తులో వేలాడాలి. వాళ్ళ వెనక పెడితే మనుషుల నీడలే తెరమీద పడతాయి. వంద వాట్ల పాత రకం బల్బులు మూడు సరిపోతాయి. తెల్లటి ఎల్ఈడీ వేస్తే ఎరుపూ ఆకుపచ్చా చచ్చినట్టుంటాయి, అదే వాడాల్సివస్తే పసుపు వెలుతురుది తీసుకోండి. హాలోజన్ వేడికి తోలు ముడుచుకుంటుంది, తప్పనిసరైతే బొమ్మకి మూడడుగుల దూరంలో ఉంచాలి.

జనం వైపు వీధిలైటు ఉంటే ఇదంతా వృథా. ముందు రోజు రాత్రి ఒక పంచె కట్టి, వెనక బల్బు వెలిగించి, చివరి వరస దగ్గర నిలబడి చూడండి. తెల్లగా వెలవెలబోతే ఆ స్తంభం తెర వెనకవైపు వచ్చేలా దిశ మార్చండి, లేదా పంచాయతీ వాళ్ళతో చెప్పి ఆ ఒక్క లైటు ఆపించండి.

సంక్రాంతి అంటున్నారు కాబట్టి ఇంకొకటి: మంచు. తడి తగిలితే మేకతోలు మెత్తబడి బొమ్మ వంగిపోతుంది, చెయ్యెత్తితే నిలవదు. తెర వెనక భాగానికి పైన షామియానా తప్పకుండా వేయండి. జనం మీద లేకపోయినా ఫరవాలేదు.

మైకుసెట్టు:
సౌండు తేలిగ్గా తీసుకోకండి, ఎక్కువ ఆటలు చెడేది ఇక్కడే. పాడేవాళ్ళే బొమ్మలాడిస్తారు, చేతులు ఖాళీ ఉండవు. కాబట్టి వాళ్ళకి స్టాండు మైకులు కాదు, పై వెదురు నుంచి రెండు మైకులు వేలాడదీయండి. ఇవి గాక మృదంగానికి ఒకటి, హార్మోనియానికి ఒకటి స్టాండు మైకులు పెట్టండి. స్పీకర్లు తెరకంటే ముందుకి, జనం వైపు తిరిగి ఉండాలి. తెర గీతకి వెనక్కి జరిగాయంటే కూత మొదలవుతుంది.

యుద్ధం ఘట్టాల్లో కాళ్ళకింద చెక్కపలకల్ని తొక్కి చప్పుడు చేస్తారు, ఆట రక్తి కట్టేది దానితోనే. మృదంగం మైకు స్టాండు ఆ పలక మీదుంటే దడదడమని స్పీకరు చిరుగుతుంది. స్టాండు కింద ఇసుక గోతం వేసి విడిగా పెట్టండి.

కరెంటు స్తంభానికి కొక్కెం వేయొద్దు. బడి మీటరు నుంచి 16 ఆంపియర్ల ప్లగ్గుతో తీసుకోండి. లైట్లూ సౌండూ కలిపి కిలోవాట్ దాటదు. 2 కేవీఏ జనరేటరు పక్కన సిద్ధంగా ఉండాలి. రాత్రి పది తర్వాత ఆరుబయట లౌడ్‌స్పీకర్ నిషేధం, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉంది. ఏడున్నరకి మొదలుపెడితే 9:45కి మంగళం పాడాలి. పోలీస్ స్టేషన్‌లో అనుమతి వారం ముందే తీసుకోండి.

పాతకాలపు_చూపరి:
తెల్లవార్లూ ఆడే ఆటని రెండుంపావు గంటల్లో కుక్కితే రసం పోతుంది. మైకు లేకుండానైనా పొడుగాట ఆడించాలి, ఊరు కలిసేది ఆ జాగారంలోనే.

తెరవెనుక_మేళం:
మీ మాట కాదనలేను. కానీ మొదటిసారి చూసే పిల్లలు ఎక్కువున్న చోట ఒకే ఘట్టం తీసుకుని నిండుగా ఆడించడం మేలు: లంకాదహనమో, మైరావణ చరిత్రో. రామాయణమంతా రెండు గంటల్లో చెప్పమంటేనే రసం పోతుంది. శివరాత్రికి జాగారం ఎలాగూ ఉంటుంది, పొడుగాట అప్పుడు పెట్టుకోవచ్చు.

జల్లెడబొమ్మ:
పిల్లల పని గురించి. ఆటకి ముందు ఆదివారం ఒక పూట చాలు, 30 మంది, ఆరు జట్లు. మూడు చోట్లా పిల్లలు ప్రతి జట్టులో ఉండేలా మీరే పేర్లు రాయండి. వాళ్ళకి వదిలేస్తే ఏ వీధివాళ్ళు ఆ వీధివాళ్ళతోనే చేరతారు.

తోలు పిల్లలకి వద్దు. నానబెట్టి, వెంట్రుక తీసి, సాగదీసి ఆరబెట్టడానికి రోజులు పడుతుంది, వాసన కూడా. దళసరి డ్రాయింగ్ షీటుకి నూనె పట్టిస్తే వెలుతురు దాటుతుంది, తెరమీద రంగు తోలుబొమ్మలాగే కనిపిస్తుంది. జట్టుకి రెండు అడుగుల బొమ్మ ఒకటి. మొత్తానికి 12 పెద్ద షీట్లు, పావు లీటరు ఆముదం గానీ వేరుశనగ నూనె గానీ, జట్టుకి మూడు చొప్పున 18 వెదురు బద్దలు, మందపాటి నూలు దారం, దబ్బనాలు.

వరస తప్పితే పాడైపోతుంది. ముందు బొమ్మ గీసి, మొండెం, చేతులు విడివిడిగా కత్తిరించాలి. తర్వాత స్కెచ్ పెన్నులతో గానీ రంగు సిరాతో గానీ రెండువైపులా రంగు వేయాలి, మైనపు క్రేయాన్లు వద్దు. నగలు, అంచులు దబ్బనంతో చిల్లులు పొడవాలి. ఆ చిల్లుల్లోంచి వెలుగు చుక్కలుగా మెరిసినప్పుడు పిల్లల మొహాలు చూడాలి! రంగు పూర్తిగా ఆరాకే దూదితో వెనకవైపు నూనె రుద్దాలి. ముందే నూనె పడితే రంగు పట్టదు. గంటసేపు పాత వార్తాపత్రికల మధ్య బరువు పెట్టి ఉంచితే మిగులు నూనె పోతుంది. నూనె కాగితానికి జిగురు అంటదు, కాబట్టి బద్దని దారంతో కుట్టి కట్టాలి, నడుముకి ఒకటి, చేతులకి రెండు. కీలు దగ్గర దారానికి రెండువైపులా ముడి వేయండి, బిగించేస్తే చెయ్యి కదలదు.

ఆట రోజున అసలు మేళానికి ముందు ఈ ఆరు బొమ్మలకి పది నిమిషాలు తెర ఇవ్వమని నాయకుణ్ణి ముందే అడగండి. ఆ 30 మంది ఇళ్ళనుంచి అమ్మానాన్నలు, తాతలు, అవ్వలు అందరూ వస్తారు. దండోరా కంటే ఇది గట్టిగా పనిచేస్తుంది.

పదకొండో_అంతస్తు:
బెంగళూరులో మా అపార్ట్‌మెంటులో సగంమంది తెలుగువాళ్ళం. లోపల హాల్లో ఆడించవచ్చా?

తెరవెనుక_మేళం:
ఆడించవచ్చు, గాలి బాధ ఉండదు. పైకప్పు పదకొండు అడుగులుండాలి, తెర వెనక ఆరేడు అడుగుల లోతు కావాలి. గ్లో అయ్యే ఎగ్జిట్ బోర్డులు తెరకి ఎదురుగా లేకుండా దిశ చూసుకోండి. ఆ బోర్డుల్ని మాత్రం మూయకండి, ప్రమాదం.

కొండవాగు:
బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడు వచ్చే హాస్యం ఘట్టాల్లోకి ఊరి సంగతులు చేర్చమని అడగండి, మేళం వాళ్ళకి అది కొత్తేం కాదు. స్క్రిప్టు రాసివ్వకండి, అప్పజెప్పినట్టు వస్తుంది. సాయంత్రం టీ తాగుతూ నాలుగైదు విషయాలు చెప్తే చాలు: కుళాయి నీళ్ళు వచ్చే వేళ, మురుక్కాలవలో ప్లాస్టిక్ కవర్లు, బస్సు రాని స్టాపు. మనుషుల పేర్లు, ఇంటిపేర్లు, వీధి పేర్లు మాత్రం చెప్పకండి. ఒక ఇంటిమీద పడి నవ్విందంటే కలపాలనుకున్న ఊరే చీలుతుంది. మోటు హాస్యం ఎంతవరకు ఉండాలో కూడా అప్పుడే మాట్లాడుకోండి. ఆట మధ్యలో లేచి ఆపమనడం కళాకారుల్ని అవమానించడమే.

చందాపుస్తకం:
ఇంటింటికీ ఒకటే చిన్న మొత్తం పెట్టండి. ఒక్క పెద్దమనిషి మొత్తం ఇస్తానన్నా ఒప్పుకోకండి, ఆట ఆయనదైపోతుంది. డబ్బివ్వలేని ఇంటినుంచి పని తీసుకోండి. గుంజలు పాతడం, పట్టాలు తేవడం, మేళానికి వంట, పిల్లలకి మంచినీళ్ళు, ఇవన్నీ చందాతో సమానంగా అదే పుస్తకంలో, అదే వరసలో రాయాలి. మర్నాడు ఖర్చుల లెక్క పంచాయతీ బోర్డు మీద అంటించండి.

మేళంలో ఆరు నుంచి ఎనిమిది మంది ఉంటారు. మాట్లాడుకునేటప్పుడే రానుపోను ఛార్జీలు, రెండు పూటల భోజనం, పడుకోవడానికి తలుపున్న గది విడిగా లెక్కించండి, పారితోషికంలో కలపొద్దు. మూడో వంతు అడ్వాన్సు. మిగతాది ఆట అయిన రాత్రే, బొమ్మలు పెట్టెలో సర్దకముందే, నాయకుడి చేతికి ఇవ్వాలి. మధ్యవర్తి చేతికి వద్దు.

గట్టుమీది_వేప:
అందరికీ చాలా థాంక్సండీ. మేళాన్ని ఎక్కడ వెతకాలి? ఎన్నాళ్ళ ముందు?

తెరవెనుక_మేళం:
ధర్మవరం దగ్గర నిమ్మలకుంట, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది ఈ కళకే. 2008లో ఆంధ్ర తోలుబొమ్మలకి భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చాక ల్యాంపు షేడ్లు, గోడబొమ్మలు అమ్ముడుపోతున్నాయి కానీ, ఆటకి పిలిచేవాళ్ళు తక్కువ. అందుకని నేరుగా ఊరికి వెళ్ళి, కూర్చుని మాట్లాడండి. రెండు నెలల ముందైతే మంచిది. పండగ మూడు రోజులూ వద్దు, కనుమ తర్వాతి శనివారం పెట్టుకోండి. బయటూళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఇంకా ఉంటారు, మేళానికీ తమ ఇంట్లో పండగ చేసుకునే వీలుంటుంది.

కాకతి_తోరణం:
తెలంగాణలో చదువుతున్నవాళ్ళకి ఒక మాట. దూరం నుంచి బొమ్మల మేళాన్ని తెప్పించే ముందు మీ మండలంలో చిందు మేళం, ఒగ్గు కథ చెప్పేవాళ్ళు ఉన్నారేమో అడగండి. పిల్లల జట్లు, చందా పుస్తకం, బడి గ్రౌండు అన్నీ ఇట్లనే పెట్టుకోవచ్చు. వీటిల బొమ్మలుండవు, మనుషులే ఆడతారు కాబట్టి లైట్లు మాత్రం ముందునుంచి, ఆటగాళ్ళ తల కంటే రెండు మూడు అడుగుల ఎత్తులో, రెండు పక్కలా ఉండాలి. నడి నెత్తి మీద ఒక్కటే వేస్తే కిరీటం నీడ పడి కళ్ళు కనిపించవు. చిందుల వేషం కట్టుకోను గంటల కొద్దీ పడుతది, అద్దం, వెలుతురు, నీళ్ళు ఉన్న గది మధ్యాహ్నం నుంచే ఇయ్యాలె.