టెక్సాస్‌లో చిన్న స్కూల్ డిస్ట్రిక్ట్: ఫలితాలు, నిధుల లెక్కలు సరిగ్గా పోల్చడం ఎలా?

అందరికీ నమస్కారం. 1,600 మంది లోపు పిల్లలున్న ఒక పబ్లిక్ స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) ‘స్టార్’ (STAAR, టెక్సాస్ రాష్ట్రం ఏటా పెట్టే పరీక్ష) ఫలితాలను నిధులతో పోల్చాలి. చిక్కంతా చిన్న సంఖ్యలతోనే. ఎనిమిది మంది రాస్తే, ఒక్కరు తప్పినా శాతం 12.5 పడిపోతుంది. మరీ చిన్న గుంపులైతే రాష్ట్ర నివేదికలో అంకె బదులు నక్షత్రం గుర్తే (*) కనిపిస్తుంది. అందుకే మూడేళ్లవి కలుపుతున్నాను. శాతాల సగటు తీయట్లేదు, పాసైనవారి మొత్తాన్ని రాసినవారి మొత్తంతో భాగిస్తున్నాను. కానీ 2023లో పరీక్ష స్వరూపమే మారింది కదా, అంతకుముందు ఏళ్లను ఇందులో కలపడం సబబేనా?

నిధుల దగ్గర ఇంకో మెలిక. రాష్ట్రం డబ్బు లెక్కగట్టేది బడిలో చేరినవారిని బట్టి కాదు, సగటు రోజువారీ హాజరును బట్టి. మరి తలసరి ఖర్చుకు దేనితో భాగించాలి?

ఇక పేదరికం సంగతి. బడి మొత్తానికీ ఉచిత భోజనం పెట్టేచోట, ఉచిత భోజనం తినే పిల్లల లెక్కతో పేదరికం తెలియదు. సెన్సస్ బ్యూరోవారి 5–17 ఏళ్ల పిల్లల పేదరిక అంచనాలు ఇంత చిన్న డిస్ట్రిక్ట్‌కు నమ్మొచ్చా? ఈ పని చేసినవారు దయచేసి చెప్పండి, పిల్లల గురించి తప్పుడు మాట బయటికి వెళ్లకూడదు.