నమ్మడం, నమ్ముకోవడం: మార్కు 9:24 మీద ఒక చర్చ

మార్కు సువార్త 9వ అధ్యాయం 24వ వచనంలో, జబ్బుగా ఉన్న కొడుకును యేసు దగ్గరికి తెచ్చిన ఒక తండ్రి అరిచి చెప్పే మాట ఇది: "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము." చిన్నప్పటి నుంచి వింటున్న వాక్యమే. ఈ మధ్య గ్రీకు మూలం పక్కన పెట్టుకుని చదివితే రెండు చోట్ల ఆగిపోయాను. ఒకటి అనువాదానికి సంబంధించింది, రెండోది నాకు సంబంధించింది. విడదీసి రాయడం చేతకాలేదు, కలిపే రాస్తున్నాను.

గ్రీకులో ఉన్నవి ఐదే మాటలు: "పిస్తెవో, బొయేథెయ్ మూ తే అపిస్తియా." మాటకు మాట పెడితే "నమ్ముతున్నాను, నా అపనమ్మకానికి సాయం చెయ్యి" అని వస్తుంది. మన అనువాదంలో అపనమ్మకం "ఉండకుండ" సాయం చెయ్యమని ఉంది. అలా అర్థం చేసుకోవడం తప్పని అనను, వ్యాఖ్యాతలు చాలామంది అలాగే తీసుకుంటారు. కానీ మూలంలో "ఉండకుండ" అన్న మాట లేదు. అపనమ్మకం పోయాక రమ్మనడం లేదు, అది ఉన్న చోటికే రమ్మంటున్నాడు. "బొయేథెయ్" అన్న క్రియలో కేక, పరుగు అనే రెండు మాటలు కలిసి ఉన్నాయి. కేక విని పరుగెత్తుకు రావడం దాని మొదటి అర్థం. అంతకుముందు 22వ వచనంలో కొడుకు కోసం "మాకు సహాయము చేయుము" అన్నప్పుడు కూడా ఆ తండ్రి వాడింది ఇదే క్రియ. ముందు పిల్లవాడి కోసం, వెంటనే తన అపనమ్మకం కోసం, ఒకే మాటతో పిలిచాడు.

ఆ పిల్లవాడి సంగతి కూడా చూడండి. మార్కు "మూగదయ్యము పట్టిన" వాడంటాడు. నురుగు కార్చుకుంటాడు, పళ్లు కొరుకుతాడు, మూర్ఛపోతాడు, బాల్యం నుంచే ఇలా ఉంది. ఇదే కథ మత్తయి 17వ అధ్యాయంలో వచ్చినప్పుడు తండ్రి నోట "చాంద్రరోగి" అనే మాట వినిపిస్తుంది. గ్రీకులోనూ అది చంద్రుడి పేరు మీద పుట్టిన మాటే. దయ్యం వదిలిపోవడం మత్తయిలోనూ ఉంది, కానీ రోగం అనే పేరు కూడా ఉంది.

మా తమ్ముడికి ఏడేళ్లప్పుడు మూర్ఛ మొదలైంది. రాత్రిపూట వచ్చేది. అమ్మ వాణ్ని పక్కకి తిప్పి పట్టుకునేది. ఎంతసేపు ఉందో డాక్టరుకి చెప్పాలి కాబట్టి గోడ గడియారంలో సెకన్ల ముల్లు చూస్తూ లెక్కపెట్టడం నా పని. ముప్ఫై, నలభై, యాభై... అంకెకీ అంకెకీ మధ్య నాకు తెలియకుండానే "దేవా" అనే మాట వచ్చేది. తర్వాత మాత్రలతో అదుపులోకి వచ్చింది. ఈలోగా ప్రార్థన చేయడానికి వచ్చిన ఒక పెద్దాయన మాత్రం "మీ ఇంట్లో నమ్మకం తక్కువ, అందుకే దయ్యం వదలడం లేదు" అని వెళ్లిపోయారు. అమ్మ ఆ మాటను ఏళ్ల తరబడి మోసింది.

ఇప్పుడు నేను లిబరల్ క్రైస్తవులు అనేవాళ్లలో ఒకదాన్ని. బైబిల్‌ని మనుషులు తమ తమ కాలాల్లో, తమకు తెలిసిన మాటల్లో రాసిన గ్రంథాలుగా చదువుతాను. ఆదికాండం మొదటి అధ్యాయాన్ని సైన్సు పాఠంగా చదవను. తమ్ముడికి వచ్చింది జబ్బేనని చెప్పడానికి క్షణం కూడా తటపటాయించను. అయినా ప్రార్థన చేస్తాను, వినేవాడు ఉన్నాడనుకునే చేస్తాను. రెండు పడవల మీద కాళ్లు పెట్టావని ఇటువాళ్లూ అంటారు, అటువాళ్లూ అంటారు. ఆ మాట నిజమా కాదా అని నన్ను నేను అడుగుతుంటే తెలుగే ఒక దారి చూపించింది.

మనకు "నమ్ము" అనే క్రియ మూడు రకాలుగా నడుస్తుంది. "ఇది జరిగిందని నమ్ముతున్నాను" అంటే ఒక విషయాన్ని ఒప్పుకోవడం. "ఆయన్ని నమ్ముతున్నాను" అంటే ఒక మనిషి మాట మీద గురి. మూడోది నమ్ముకోవడం. వానను నమ్ముకుని విత్తనం వేసేవాడు ఉంటాడు. వాన పడుతుందని ఎవరూ హామీ ఇవ్వరు. ఆకాశం వంక అనుమానంగానే చూస్తాడు, అయినా విత్తుతాడు. వండు, వండుకొను లాగే ఇక్కడా "కొను" చేరితే పని చేసినవాడి మీదికే తిరిగొస్తుంది. బరువు మోపింది నేను, కూలితే పడేది కూడా నేనే. "నిన్నే నమ్ముకుని వచ్చాను" అని ఎవరైనా అంటే వాళ్ల మనసులో సందేహం లేదని కాదు, వెనక్కి వెళ్లే దారి ఉంచుకోలేదని. కీర్తనలు 37:5లో "ఆయనను నమ్ముకొనుము" అని సరిగ్గా ఈ మాటే పడింది. ఆ అనువాదకులకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

మార్కు 9:24లో గ్రీకు "పిస్తెవో"కి కర్మ లేదు. ఏమని నమ్ముతున్నాడో, ఎవరిని నమ్ముతున్నాడో చెప్పలేదు. తెలుగులోనూ అది ఖాళీగానే ఉంది. నేను దాన్ని నమ్ముకోవడంగా చదువుతున్నాను. లేకపోతే ఒకే ఊపిరిలో నమ్మకం, అపనమ్మకం రెండూ ఎలా పడతాయి?

ఇక "సూపర్‌నేచురల్" సంగతి. ప్రకృత్యతీతం, అతీంద్రియం, మానవాతీతం అని రకరకాలుగా అంటాం. ప్రకృతి ఒక గీత, దాన్ని దాటినది అతీతం అనే ఈ విభజన బైబిల్ రాసినవాళ్ల మాటల్లో కనిపించదు. ఆ మాటను గట్టిగా స్థిరపరచింది మధ్యయుగపు లాటిన్ పండితులు. అద్భుతం అంటే ప్రకృతి నియమాల ఉల్లంఘన అని 1748లో స్కాట్లండ్ తత్వవేత్త హ్యూమ్ నిర్వచించాడు. మన కాలంలో నమ్మేవాళ్లూ నమ్మనివాళ్లూ పోట్లాడుకునేది ఎక్కువగా ఆ నిర్వచనం మీదే. అపొస్తలుల కార్యములు 2:22లో మూడు మాటలు వరసగా ఉన్నాయి: అద్భుతములు, మహత్కార్యములు, సూచకక్రియలు. గ్రీకులో మొదటిది శక్తి, రెండోది చూసినవాళ్లు విస్తుపోయేది, మూడోది గుర్తు. మూడింటిలో ఏదీ ఉల్లంఘన కాదు. కానాలో నీళ్లు ద్రాక్షారసం అయిన సంఘటనకి యోహాను వాడింది ఆ మూడో మాటే. పాత కింగ్ జేమ్స్ ఇంగ్లిష్ అనువాదం అక్కడ "మిరకిల్" అంది, మనవాళ్లు "సూచకక్రియ" అని మూలాన్ని పట్టుకునే ఉన్నారు.

మన "అద్భుతం" కూడా చూడండి. నవరసాల్లో ఒకటి, దాని స్థాయీభావం, అంటే ఆ రసానికి మూలమైన భావం, విస్మయం. మాటల పుట్టుకను వివరించే నిరుక్తం అనే సంస్కృత గ్రంథంలో ప్రాచీన పండితుడు యాస్కుడు ఈ మాటను "అభూతమివ" అని విడదీశాడు. ఆ "ఇవ" నాకు ప్రాణం. జరగనిది అనలేదు, మునుపు జరగనిదాని లాంటిది అన్నాడు. అద్భుతం ప్రకృతికి విరుద్ధం కాదు, ప్రకృతి గురించి మనకు తెలిసినదానికే విరుద్ధం అన్న తొలినాటి క్రైస్తవ వేదాంతి అగస్టీను ఆలోచన దీనికి ఎంత దగ్గరో!

అలాగని దేవుణ్ని కూడా ఒక అలంకారంగా మార్చేస్తే నేను ఒప్పుకోను. కొందరు లిబరల్ పండితులు చివరికి అక్కడికే చేరతారు. అలంకారాన్ని మెచ్చుకుంటాం గానీ నమ్ముకోం కదా.

*

ఒక వ్యాఖ్య: అమ్మా, వ్యాకరణం బాగుంది. కానీ హెబ్రీయులకు 11:6 చూడండి. "దేవునియొద్దకు వచ్చువాడు ఆయన యున్నాడనియు, తన్ను వెదకువారికి ఫలము దయచేయువాడనియు నమ్మవలెను గదా." ఇక్కడ స్పష్టంగా "అని" నమ్మడమే ఉంది. మీ మొదటి రకం. దాన్ని తప్పించుకుని మూడో రకానికి ఎలా వెళతారు?

జవాబు: సరైన చోట పట్టుకున్నారు అన్నయ్యగారూ. తప్పించుకోలేను, తప్పించుకోకూడదు కూడా. నమ్ముకోవడం కింద "ఉన్నాడని" నమ్మడం ఒకటి ఉండి తీరాలి. వాన అనేదే లేని చోట వానను నమ్ముకుని ఎవరూ విత్తరు. నేను చెప్పేదల్లా ఆ "అని"ల జాబితా గురించి. ఆ వచనంలో ఉన్నవి రెండే: ఉన్నాడని, వెదికేవారిని వట్టి చేతులతో పంపడని. ఈ రెండూ చూడగలిగేవి కావు, కొలవగలిగేవీ కావు. కాబట్టి అతీతమైనదాన్ని నేను వదిలేయలేదు. మూర్ఛను దయ్యం అని నమ్మితేనే విశ్వాసి అనే మూడో "అని"ని మాత్రం చేర్చుకోను.

ఇంకో వ్యాఖ్య: అక్కా, మరి యేసు చనిపోయి తిరిగి లేచిన పునరుత్థానం? అది కూడా సూచకక్రియేనా? కరెంటు దీపాలు, రేడియో వాడుతూ, ఆధునిక వైద్యం చేయించుకుంటూ కొత్త నిబంధనలోని ఆత్మల లోకాన్ని నమ్మలేమని 1941లోనే జర్మన్ బైబిల్ పండితుడు బుల్ట్‌మన్ అన్నాడు. మీరు సగం దూరమే వచ్చి ఆగిపోతున్నారేమో.

జవాబు: ఆగింది నిజమే తమ్ముడూ, ఎందుకో చెబుతాను. ఈ విషయంలో మనకున్న పాత రాతల్లో ముఖ్యమైనది మొదటి కొరింథీయులకు 15వ అధ్యాయం, క్రీ.శ. 50ల మధ్యలో రాసినది. అందులో సమాధి వర్ణన లేదు, దేవదూతల సంభాషణ లేదు. ఒకే క్రియ మళ్లీ మళ్లీ వస్తుంది: కనబడెను. కేఫాకు (అంటే పేతురుకు) కనబడెను, యాకోబుకు కనబడెను, చివరకు "నాకును కనబడెను" అంటాడు పౌలు. గ్రీకులో అది కర్మణి రూపం, ఎవరికి అన్నది చతుర్థిలో, అంటే మన "కి, కు" లాంటి విభక్తిలో ఉంటుంది. తెలుగు అచ్చంగా అలాగే వచ్చింది. "చూశాను" అంటే నేను చేసిన పని. "కనబడ్డాడు" అంటే అటు నుంచి నా దగ్గరికి వచ్చింది. పౌలు తనకు కలిగినదాన్ని కేఫాకు కలిగినదాని పక్కనే అదే క్రియతో పెట్టాడు. ఏ శరీరంతో, ఏ విధంగా అని అడిగితే నేను చెప్పలేను. కానీ వాళ్లు తమలో తాము కల్పించుకున్న ఓదార్పు అనడానికి ఆ క్రియ ఒప్పుకోవడం లేదు. అటు నుంచి ఏదో వచ్చింది. నేను నమ్ముకున్నది దాన్నే.

మరో వ్యాఖ్య: విషయం పక్కన పెట్టి భాష మాట. మీరు ఇచ్చిన "నా అపనమ్మకానికి సాయం చెయ్యి" తెలుగులో కుదరదండీ. "వాడి చదువుకు సాయం చెయ్యి" అంటే చదువు సాగేలా చెయ్యమని. అలాగే అపనమ్మకం పెరిగేలా చెయ్యమన్నట్టు వినిపిస్తుంది. పాత అనువాదకులు "ఉండకుండ" అని చేర్చింది అందుకే కావచ్చు.

జవాబు: ఇది నాకు తట్టనే లేదండీ, చాలా థాంక్స్. నిజమే, మన "కి" విభక్తి అలా లాగుతుంది. వాళ్లను తప్పుపట్టినట్టు రాసిన చోట నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. నిన్నంతా వేరే క్రియ కోసం వెతికాను. "ఆదుకొను" దొరికింది. పడిపోబోతున్నవాణ్ని పట్టుకోవడం, ఆపదలో అండగా రావడం, రెండూ అందులో ఉన్నాయి. సాయం అన్న మాటలో లేని తొందర ఉంది. ఇలా అనుకున్నాను: "నమ్ముకున్నాను, నమ్మలేకపోతున్నాను, ఆదుకో!"

రాత్రి ఫోన్‌లో అమ్మకు చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "బిగ్గరగా చెప్పెను అని ఉంటుంది కదా, అది మాత్రం తీసెయ్యకు, అతను మెల్లగా చెప్పలేదు" అంది.