పాత తెరచాప పడవ కొన్నాను: చలికాలానికి, మొదటి ప్రయాణానికి ఏం చూసుకోవాలి?

కొత్తలంగరు:
పోయిన వారం 30 అడుగుల సెకండ్ హ్యాండ్ తెరచాప పడవ కొన్నాను. లోపల డీజిల్ ఇంజన్ ఉంది. గడ్డకట్టే చలి వచ్చేలోపు ఒడ్డుకు ఎక్కిస్తాను. చలి తగ్గాక రెండు రోజుల దూరంలో ఉన్న మా రేవుకు నడుపుకుని వెళ్లాలి. చదివేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది. మొదటి ఏడాది మీకు ఏం ఎదురైందో చెప్పండి.

చుక్కాని:
ముందు నీళ్ల సంగతి చూడండి. గడ్డకడితే నీరు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, ఇనుమైనా పగులుతుంది. ఇంజన్‌ని చల్లబరిచే సముద్రపు నీటి దారిలో ముందు మంచినీళ్లు, తర్వాత యాంటీఫ్రీజ్ (చలికి గడ్డకట్టనివ్వని ద్రవం) పోనివ్వండి, ఎగ్జాస్ట్‌లో దాని రంగు కనిపించేదాకా. తాగేనీటి పైపుల్లో మాత్రం ప్రొపిలీన్ గ్లైకాల్ రకమే పోయాలి. ఎథిలీన్ గ్లైకాల్ విషం. ఇంజన్ ఆయిల్ కూడా ఇప్పుడే మార్చేయండి. వాడిన ఆయిల్‌లో ఆమ్లాలు ఉంటాయి, నెలల తరబడి అలా వదిలేస్తే లోపలి భాగాలను తినేస్తాయి.

నీటిగువ్వ:
సీకాక్‌ల గురించి, అంటే పడవ అడుగున నీటి రంధ్రాలను మూసే వాల్వ్‌ల గురించి, నేను చెప్తానండీ. మొదటి ఏడాది ఒకటి మూసి వదిలేశాను. లోపల బంతి రంధ్రంలో చెంచాడు నీళ్లు మిగిలి గడ్డకట్టాయి. వాల్వ్‌కు వెంట్రుకంత పగులు. పడవను దింపగానే, ఇంకా క్రేన్ పట్టీల్లో ఉండగానే నేలపలకలు ఎత్తి చూశాను కాబట్టి ఆ నీటి చార కనిపించింది. ఒడ్డున ఉన్నన్నాళ్లూ తెరిచే ఉంచండి, దింపేముందు మూయండి. ఒక్కోదాని పక్కన సరిపోయే చెక్క బిరడా తాడుతో కట్టి ఉంచండి.

కొత్తలంగరు:
డీజిల్ ట్యాంకు నింపాలా, ఖాళీ చేయాలా?

అలలదారి:
నింపండి. ఖాళీ ఉంటే గోడలకు తేమ పట్టి అడుగున నీరు చేరుతుంది, ఆ నీటి దగ్గరే నల్లటి జిగురు పెరుగుతుంది. కానీ నింపేముందు కడిగించండి అన్నా, ఇది నా అనుభవం. రేవులో గంటలకొద్దీ బాగా తిరిగిన ఇంజన్ మొదటి ప్రయాణంలో రేవు ముఖం దాటగానే ఆగిపోయింది. అలలకు ట్యాంకు అడుగు మడ్డంతా లేచి ఫిల్టర్ మూసుకుపోయింది. ఫిల్టర్ గిన్నె చూస్తే కాఫీ డికాక్షన్‌లా ఉంది. గాలి మమ్మల్ని రాళ్ల వైపు తోస్తోంది. లంగరు విప్పి సిద్ధంగా ఉంచాం కాబట్టి వెంటనే వేయగలిగాం. తర్వాత ఫిల్టర్ మార్చి, పైపుల్లో గాలి తీయడానికి నాకు నలభై నిమిషాలు పట్టింది, అంతకుముందు ఎప్పుడూ చేయలేదు మరి. మీరు రేవులో కట్టి ఉండగానే ఆ పని రెండుసార్లు చేసి చూడండి. రెండు రోజుల దారిని పగటి పూట ముగిసే చిన్న ముక్కలు చేసుకోండి. గాలి పెరిగితే తెరచాప కుదించడం కూడా ముందే అలవాటు కావాలి.

నీటిగువ్వ:
మాస్ట్‌ను (తెరచాప స్తంభాన్ని) పట్టి ఉంచే తీగల్ని గుడ్డతో తుడవండి. గుడ్డ పోగు పట్టుకుందంటే అక్కడ తీగ తెగినట్టే. ఉత్తచేత్తో వద్దు, గుచ్చుకుంటుంది. తెరచాపలు దించి, ఉప్పు కడిగి, పూర్తిగా ఆరాకే మడవండి. బ్యాటరీలు ఫుల్ ఛార్జ్‌లో ఉంచండి, ఛార్జ్ దిగిపోయినవే త్వరగా గడ్డకడతాయి.

కొత్తలంగరు:
అందరికీ థాంక్స్. ఇవాళ నేలపలకలన్నీ ఎత్తి చూశాను. పడవ తనిఖీ (సర్వే) రిపోర్టులో ఆరు సీకాక్‌లు రాశారు, నాకు ఏడు దొరికాయి. ఏడోది సింకు వెనక ఉంది, హ్యాండిల్ కదలడం లేదు. గట్టిగా తిప్పాలా?

చుక్కాని:
వద్దు! పడవ నీళ్లలో ఉండగా దాన్ని ముట్టుకోకండి, ఊడితే ఆపడం కష్టం. సరిపోయే బిరడా పక్కనే ఉంచండి. ఒడ్డుకెక్కాక ఫోటో పెట్టండి, ఎలా విప్పాలో చెప్తాను.