తమ కాలేజీలో ఆడిన మేటి ఆటగాడికే హెడ్ కోచ్ పదవి ఇవ్వడం సబబేనా? ప్యాట్రిక్ యూయింగ్ విషయంపై చర్చ

కోర్టుపక్క:
2017లో అమెరికాలోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం తన బాస్కెట్‌బాల్ జట్టును ప్యాట్రిక్ యూయింగ్‌కు అప్పగించడం తప్పేనని నా అభిప్రాయం. 1981-85 మధ్య ఆయన అక్కడ సెంటర్‌గా (బుట్ట దగ్గర ఆడే పొడగరి ఆటగాడిగా) ఆడిన నాలుగేళ్లలో జట్టు మూడుసార్లు జాతీయ ఫైనల్ చేరి, 1984లో హ్యూస్టన్‌ను 84-75తో ఓడించి టైటిల్ గెలిచిన మాట నిజమే. కానీ అంతకుముందు ఏ జట్టుకూ హెడ్ కోచ్‌గా చేయని వ్యక్తి ఆరు సీజన్లలో 75 మ్యాచ్‌లు గెలిచి 109 ఓడిపోయారు. 2021-22లోనైతే జార్జ్‌టౌన్ ఉన్న కాలేజీల లీగ్ బిగ్ ఈస్ట్‌లో ఆడిన 19 మ్యాచ్‌లూ పోయాయి. ఇంకెవరైనా అయితే ఆ వేసవిలోనే ఇంటికి పంపేవారు. ఆయనకు మరో ఏడాది దక్కిందంటే అది పాత కీర్తి చలవే.

మూడోపాస్:
అనుభవం లేదనడం అన్యాయమండీ. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో ఏళ్ల తరబడి సహాయ శిక్షకుడిగా పనిచేసినా అక్కడ ఒక్క జట్టూ ఆయనకు హెడ్ కోచ్ అవకాశం ఇవ్వలేదు. మీరు వదిలేసిన 2021 మార్చి సంగతి కూడా చెప్పుకోవాలి. ఎనిమిదో సీడ్‌గా (లీగ్ ర్యాంకుల్లో ఎనిమిదో స్థానంతో) బిగ్ ఈస్ట్ టోర్నీకి వచ్చిన జట్టు విల్లనోవాను ఒక్క పాయింటు తేడాతో ఓడించి, ఫైనల్లో క్రైటన్‌ను 73-48తో చిత్తు చేసింది. అది జరిగింది న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, ఎన్‌బీఏ జట్టు నిక్స్‌కు ఆడిన రోజుల గుర్తుగా ఆయన 33వ నంబరు జెర్సీ పైకప్పు నుంచి వేలాడే చోట. అక్కడే భద్రతా సిబ్బంది తనను ఆపి పాస్ చూపమంటున్నారని ఆయన ఆ వారం బాహాటంగానే నొచ్చుకున్నారు. ఆ విజయం తర్వాత జట్టు ఎందుకు చెదిరిందో కూడా చూడాలి. కాలేజీ మారినవారు ఏడాది ఖాళీగా కూర్చోవాలన్న నిబంధన ఆ వసంతంలోనే సడలింది, ప్రధాన సెంటర్ కుదుస్ వహాబ్ మేరీలాండ్‌కు వెళ్లిపోయాడు.

కోర్టుపక్క:
ఆటగాళ్లు వెళ్లిపోవడం అప్పుడు మొదలైంది కాదు. 2020లోనే జార్జ్‌టౌన్ ఆటగాడు మాక్ మెక్‌క్లంగ్ టెక్సస్ టెక్ విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. కుర్రవాళ్లను ఒప్పించి తెచ్చుకోవడం, తెచ్చాక నిలుపుకోవడం కాలేజీ కోచ్ పనిలో సగభాగం. ఎన్‌బీఏ బెంచీపై ఎన్నేళ్లు కూర్చున్నా అది అలవడదు. మహిళల కాలేజీ జట్ల కోచ్ డాన్ స్టేలీని చూడండి. వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఆడిన ఆమె 2000లో టెంపుల్ విశ్వవిద్యాలయంలో హెడ్ కోచ్‌గా మొదలుపెట్టి, ఎనిమిదేళ్లు ఆ పని నేర్చుకున్నాకే సౌత్ కరోలినాకు వెళ్లారు. అక్కడ తొలి సీజన్‌లో పది మ్యాచ్‌లే గెలిచినా 2017, 2022, 2024లలో జాతీయ టైటిళ్లు తెచ్చారు.

మూడోపాస్:
స్టేలీ విషయంలో మీతో ఏకీభవిస్తాను. అయితే 2023లో యూయింగ్ స్థానంలో వచ్చిన ఎడ్ కూలీ ప్రావిడెన్స్ కాలేజీలో 12 సీజన్లు హెడ్ కోచ్‌గా చేసినవారు. జార్జ్‌టౌన్‌లో ఆయన తొలి సీజన్ లీగ్ ఫలితం 2 విజయాలు, 18 ఓటములు. యూయింగ్ చివరి సీజన్ లెక్క కూడా సరిగ్గా అదే.