ఇంటిల్లిపాదీ కలిసి చదువుకోదగిన కథోలిక కుటుంబ జ్ఞాపకాలు సూచించగలరా?

ప్రశ్న: గుంటూరు నుంచి ఒక పాఠకురాలు

నమస్కారమండి. వేసవి సెలవుల్లో మేమంతా కలిసి చదువుకోవడానికి కుటుంబ జ్ఞాపకాల పుస్తకాలు, అందులోనూ కథోలిక కుటుంబాలకు చెందినవి, సూచించవలసిందిగా కోరుతున్నాను. మా అమ్మాయి ఇంటర్మీడియట్ పూర్తిచేసింది, అబ్బాయి తొమ్మిదో తరగతిలోకి వెళ్ళబోతున్నాడు. రాత్రి జపమాల ముగిశాక డాబా మీద చాపలు పరుచుకుని ఏదో ఒక పుస్తకం చదువుకోవడం మాకు కొన్నేళ్ళుగా అలవాటు. మా అత్తయ్య గారు ఇంగ్లీషు చదవలేరు కాబట్టి, ఇంగ్లీషు పుస్తకమైతే పగలు నేను చదివిపెట్టుకుని, రాత్రి తెలుగులో చెబుతాను. అందుచేత నోటితో చెప్పుకోవడానికి అనువైనదైతే మరీ మంచిది.

కిందటి వేసవిలో మహమ్మద్ ఖదీర్ బాబు గారి 'దర్గామిట్ట కతలు' చదివాము. నెల్లూరు సీమలోని ఒక ముస్లిం కుటుంబపు ముచ్చట్లు వింటూ మా అత్తయ్య గారు ఎన్నోచోట్ల ఆపించి, "అచ్చం మన ఇంట్లో లాగానే ఉంది" అన్నారు. ఆ పుస్తకంలో మతం గురించి ఎవరూ పాఠం చెప్పరు, అయినా అది ఆ ఇంటి పండుగలోనూ పేదరికంలోనూ పెద్దల మాటలోనూ కలిసిపోయి ఉంటుంది. కథోలిక కుటుంబం గురించి అటువంటి పుస్తకం చదవాలని అప్పటినుంచీ నాకు గట్టి కోరిక.

పునీతుల చరిత్రలు మా ఇంట్లో చాలా ఉన్నాయి, వాటిని భక్తితోనే చదువుతాము. కాని తల్లి విసుగు, అన్నదమ్ముల కీచులాట, నెలాఖరు ఇబ్బంది, పూజకు వేళ మించిపోతుందన్న హడావిడి, ఇవన్నీ దాచకుండా చెబుతూనే ఆ ఇంటి విశ్వాసాన్ని గౌరవించే రచన కావాలి. మరీ దుఃఖభరితమైనవీ, విశ్వాసాన్ని అపహాస్యం చేసేవీ వద్దు.

జవాబు: హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు

అమ్మా, మీరు చెప్పిన అవసరానికి నాకు వెంటనే తోచే పుస్తకం మరియా ఆగస్టా ట్రాప్ 1949లో ప్రచురించిన 'ద స్టోరీ ఆఫ్ ద ట్రాప్ ఫ్యామిలీ సింగర్స్'. 1965లో వచ్చిన 'ద సౌండ్ ఆఫ్ మ్యూజిక్' సినిమా మీ పిల్లలు చూసే ఉంటారు. ఆ కథకు మూలం ఈ కుటుంబమే అయినా, పుస్తకం సినిమాకంటే చాలా విశాలమైనది, నా అభిప్రాయంలో చాలా మెరుగైనది కూడా. సినిమా ముగిసేచోటికి పుస్తకంలో ఇంకా సగం కథ మిగిలి ఉంటుంది.

ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ నగరంలో నాన్‌బర్గ్ మఠంలో చేరి మఠకన్య కావాలనుకున్న మరియాను, జబ్బుపడి లేచిన ఒక బాలికకు చదువు చెప్పడానికి 1926లో కెప్టెన్ గేయోర్గ్ ఫాన్ ట్రాప్ ఇంటికి పంపుతారు. మొదటి ప్రపంచ యుద్ధంలో జలాంతర్గామికి అధిపతిగా పనిచేసిన ఆయనకు అప్పటికి భార్య చనిపోయింది, ఏడుగురు పిల్లలున్నారు. ఆయన తనను పెళ్ళాడమని అడిగినప్పుడు మరియా మఠానికి పరుగెత్తుకువెళ్ళి, పెద్ద సిస్టరు గారు వద్దంటారనే నమ్మకంతో సలహా అడుగుతుంది. ఆమె ఇదే దేవుని చిత్తమని చెప్పి పంపేసరికి, తిరిగివచ్చి, నన్ను మిమ్మల్నే పెళ్ళి చేసుకోమన్నారని వెక్కివెక్కి ఏడుస్తూ ఆయనకే చెబుతుంది. ఈ ఘట్టం మీ అత్తయ్య గారికి తప్పకుండా నచ్చుతుంది. వారి పెళ్ళి 1927 నవంబరులో జరిగింది.

సినిమాలో కఠినుడిగా కనిపించే తండ్రి నిజానికి సౌమ్యుడు. ఒక్కొక్క బిడ్డను ఒక్కొక్క ఈల స్వరంతో పిలవడం మాత్రం నిజమే. పిల్లల్లో పెద్దవాడు రూపర్ట్ అనే అబ్బాయి, సినిమాలోలాగా పదహారేళ్ళ అమ్మాయి కాదు. డబ్బు దాచిన బ్యాంకు 1930లలో మూతపడి ఆస్తి అంతా పోయినప్పుడు ఆ కుటుంబం కుంగిపోకుండా, పనివాళ్ళను తగ్గించుకుని, ఇంటి గదులు అద్దెకిచ్చి బతకడం నేర్చుకుంటుంది. అప్పుడే ఫాదర్ ఫ్రాంజ్ వాస్నర్ వారి ఇంటికి వచ్చి, రోజూ పూజ చేస్తూ, వారి పాటలోని లోపాలను సరిదిద్దుతూ, సరదాగా పాడుకునే కుటుంబాన్ని నిజమైన గాయకబృందంగా తయారుచేస్తారు. సినిమాలో ఈ గురువు గారి ఊసే లేదు. పుస్తకంలో ఆయన లేని పుట తక్కువ.

1938లో హిట్లరు ఆస్ట్రియాను ఆక్రమించాక ఆ కుటుంబం దేశం విడిచి వెళ్ళింది కొండలెక్కి కాదు, రైలెక్కి, ఇటలీకి. నాకు అన్నింటికన్నా ఇష్టమైన భాగం అమెరికా జీవితం. ఇక్కడ ఎంతకాలం ఉండాలనుకుంటున్నారని రేవులో అధికారి అడిగితే, ఇక ఎప్పటికీ వెళ్ళకూడదని ఉందని మరియా సంతోషంగా చెప్పేయడంతో, తాత్కాలిక అనుమతి మీద వచ్చినవారు అలా అన్నందుకు అందరినీ ఎల్లిస్ దీవిలో నిర్బంధిస్తారు. ఒక కచేరీలో పాడుతుండగా నోట్లోకి ఈగ పోతే, ఆమె ఆ సంగతి ప్రేక్షకులకే చెప్పేస్తుంది. అంతవరకు బిగుసుకుని కూర్చున్న సభ ఒక్కసారిగా నవ్వుతుంది. తమ గంభీరమైన కార్యక్రమానికి ఏమి కొరవడిందో ఆ కుటుంబానికి అప్పుడే అర్థమవుతుంది. తరువాత వెర్మాంట్ రాష్ట్రంలోని స్టో గ్రామంలో పాడుబడిన పొలం కొని ఇల్లు కట్టుకోవడం, 1947లో తండ్రి మరణం వస్తాయి. విచారం ఉంది గాని, అది పుస్తకాన్ని ముంచెత్తదు.

క్రిస్మసుకు ముందరి ఆగమనకాలపు దీపాల దండ, క్రిస్మసు, తపస్సుకాలం, ఈస్టరు, వీటన్నిటినీ ఇంట్లో ఎలా జరుపుకునేవారో ఆమె విపులంగా రాశారు. మీరడిగిన విశ్వాసం పుస్తకమంతటా ఉన్నది ఈ వివరాల్లోనే.

జవాబు: ఏలూరు నుంచి, చాలాకాలం జ్ఞానోపదేశ తరగతులు చెప్పిన ఒక పాఠకురాలు

ట్రాప్ కుటుంబం సంగతి పైన రాసినవారితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే పునీతుల చరిత్రల గురించి మీరన్న మాటకు ఒక మినహాయింపు చెప్పాలని ఉంది. మనమంతా చిన్న తెరేజమ్మ అని ప్రేమతో పిలుచుకునే లిసియే పునీతురాలి 'ఒక ఆత్మ చరిత్ర'లోని మొదటి భాగం పుట్టుకలోనే కుటుంబ జ్ఞాపకం. ఒక శీతకాలపు రాత్రి మఠంలో ముగ్గురు అక్కచెల్లెళ్ళు చిన్ననాటి ముచ్చట్లు చెప్పుకుంటుంటే, మరీ అనే పెద్దక్క, ఇవన్నీ రాయించకపోతే ఎలాగని పట్టుబడుతుంది. అప్పుడు మఠాధిపతిగా ఉన్న రెండో అక్క పౌలీన్ ఆజ్ఞాపించగా తెరేజమ్మ 1895లో రాయడం ప్రారంభించింది. అంటే ఒక చెల్లెలు తమ ఇంటి సంగతులు అక్కకు గుర్తుచేస్తూ రాసిన రాత అది. లోకానికి బోధించాలని మొదలుపెట్టినది కాదు. 1897లో ఆమె 24 ఏళ్ళకే చనిపోయాక, 1898లో పౌలీన్ చాలా దిద్దుబాట్లతో దాన్ని అచ్చువేయించింది. తెరేజమ్మ స్వహస్తంతో రాసిన పాఠం యథాతథంగా 1956లో మాత్రమే వెలువడింది. అందుచేత అసలు ప్రతులను అనుసరించిన కొత్త అనువాదమే తెచ్చుకోండి. పాత అనువాదాల్లో ఆ పిల్ల గొంతు చాలావరకు చదునైపోయింది.

అందులోని బాల్యం ఎంత సజీవంగా ఉంటుందో చెప్పడానికి రెండు సంగతులు చాలు. లియోనీ అనే అక్క తన బొమ్మల బట్టలూ ముక్కలూ నింపిన బుట్ట తెచ్చి, మీకు కావలసింది తీసుకోండని చెల్లెళ్ళ ముందు పెడితే, సెలీన్ మర్యాదగా ఒక చిన్న దారపుండ తీసుకుంటుంది. తెరేజు కాసేపు ఆలోచించి, నాకు అన్నీ కావాలని మొత్తం బుట్ట లాక్కుపోతుంది. ఇంకొకచోట, అమ్మ మీద ప్రేమ పొంగివచ్చి, అమ్మా నువ్వు చచ్చిపోతే ఎంత బాగుంటుందో అంటుంది. ఆ మాటేమిటని కోప్పడితే, పరలోకానికి వెళ్ళాలంటే ముందు చనిపోవాలని నువ్వే చెప్పావు కదా అంటుంది. తల్లి జెలీ అప్పటికప్పుడు ఉత్తరంలో రాసిపెట్టబట్టే ఈ రెండో సంగతి మనకు దక్కింది.

ఆ జెలీ ఉత్తరాల సంపుటినే, ఇంకా చెప్పాలంటే, నేను మీకు ముందుగా సిఫారసు చేస్తాను. ఇంగ్లీషులో అది 'ఎ కాల్ టు ఎ డీపర్ లవ్' పేరుతో దొరుకుతుంది. అందులో రెండు వందలకు పైగా ఆమె ఉత్తరాలున్నాయి. ఫ్రాన్సులోని అలెన్సోన్ పట్టణంలో ఆమె లేసు వ్యాపారం నడిపేది. భర్త లూయీ గడియారాల పని చేసేవాడు, తరువాత తన దుకాణం వదిలి ఆమె వ్యాపారంలో సాయపడ్డాడు. మన పాలకొల్లు, నరసాపురం ప్రాంతాల్లో లేసు అల్లే ఇళ్ళు చూసినవారికి ఆమె అవస్థ చప్పున అర్థమవుతుంది: గడువుకు అందించవలసిన పని, పనివారికి ఇవ్వవలసిన కూలి, ఆలస్యంగా వచ్చే డబ్బు, ఆ మధ్యలో పిల్లల జ్వరాలు. తొమ్మిదిమంది బిడ్డల్లో నలుగురు చిన్నతనంలోనే పోయారు. లియోనీ మొండితనం గురించి తమ్ముడికీ మరదలికీ ఆమె రాసిన మాటలు ఏ దాపరికమూ లేనివి. ఇటువంటి దంపతులను 2015 అక్టోబరు 18న పోపు ఫ్రాన్సిస్ గారు ఇద్దరినీ కలిపి పునీతులుగా ప్రకటించారు.

జవాబు: బెంగళూరులో ఉంటున్న ఒక పాఠకుడు

రెండు జవాబులూ బాగున్నాయి, కాని రెండూ యూరపు ఇళ్ళే కదా అనిపించి, మన దేశపు పుస్తకం ఒకటి చేర్చుతున్నాను. మరియా ఆరోరా కూటో గారు 2013లో ప్రచురించిన 'ఫిలొమీనాస్ జర్నీస్' ఆమె తన తల్లిదండ్రుల గురించి రాసిన పుస్తకం. గోవాలోని భూస్వామ్య కథోలిక కుటుంబంలో పుట్టి, సంగీతమే ప్రాణమైన తండ్రి తాగుడుకు లోనై సంసారాన్ని నిలబెట్టలేకపోతే, తల్లి ఫిలొమీనా ఏడుగురు పిల్లలతో ధార్వాడ్‌లో కాపురం నడిపి వారిని చదివించింది. పోర్చుగీసు, కొంకణి భాషల మధ్యా, పాత గోవా మర్యాదలకూ ధార్వాడ్ మధ్యతరగతి జీవితానికీ మధ్యా ఆ ఇల్లు ఎలా మారుతూ వచ్చిందో రచయిత్రి ఓపికగా చెబుతారు. తండ్రిని ఆమె ఎక్కడా దోషిగా నిలబెట్టరు. ఆయన పతనాన్ని దాచరు, ఆయన పట్ల ప్రేమనూ దాచరు. కూతురు తండ్రి గురించి ఇలా రాయగలగడం నాకు చాలా గొప్పగా తోచింది. అయితే చరిత్ర పాలు ఎక్కువ, నడక నెమ్మది. మీ అబ్బాయికి కొన్ని అధ్యాయాలు బరువుగా ఉండవచ్చు గాని, మీ అమ్మాయి ఒక్కతీ చదువుకోవడానికి తగిన పుస్తకం.

పిల్లలు నవ్వుతూ వినాలంటే జొవాన్ని గ్వారెస్కి రచన 'ద హౌస్ దట్ నీనో బిల్ట్' చూడండి. డాన్ కమిల్లో అనే పల్లెటూరి ఫాదర్ గారి కథలతో పేరుపొందిన ఈ ఇటలీ రచయిత, తన భార్య మార్గెరీటానూ, కొడుకు అల్బెర్టీనోనూ, పాసియొనారియా అని ముద్దుపేరు పెట్టుకున్న కూతురినీ పాత్రలుగా పెట్టి రాసిన ఇంటి ముచ్చట్లివి. కల్పన కలిసి ఉంటుంది, కనుక వీటిని అచ్చమైన జ్ఞాపకాలు అనలేము. కాని ఒక్కొక్కటీ కొద్ది పుటల్లో ముగుస్తుంది కాబట్టి రాత్రికి ఒకటి చొప్పున చెప్పుకోవచ్చు. కథోలికులు కానివారి పుస్తకమైనా ఫరవాలేదంటే, పన్నెండుమంది సంతానం గల గిల్‌బ్రెత్ కుటుంబం గురించి వారి పిల్లలిద్దరు 1948లో రాసిన 'చీపర్ బై ద డజన్' కూడా అంతే హాయిగా ఉంటుంది.

ఎవరో ఒకరు మీకు ఫ్రాంక్ మెకోర్ట్ 'ఏంజెలాస్ యాషెస్' తప్పక సూచిస్తారు కాబట్టి ఆ మాట కూడా చెప్పేస్తాను. 1997లో పులిట్జర్ బహుమతి పొందిన ఆ పుస్తకం గొప్పదే. క్రీస్తు శరీరంగా భావించే అప్పాన్ని మొదటిసారి స్వీకరించే ప్రథమ సత్ప్రసాదం రోజున తిన్న ఫలహారం కక్కుకున్న పిల్లవాణ్ణి, దేవుణ్ణి నా పెరట్లో పడేశాడంటూ అమ్మమ్మ ఫాదర్ గారి దగ్గరకు పాపసంకీర్తనానికి తరిమే ఘట్టం మరపురానిది. కాని ఐర్లండులోని లిమెరిక్ మురికివాడలో ఆకలి, పసిపిల్లల మరణాలు, తండ్రి తాగుడు అడుగడుగునా ఎదురయ్యే ఆ పుస్తకం మీరు కోరిన రకం కాదు. పట్రీషియా లాక్‌వుడ్ 2017లో రాసిన 'ప్రీస్ట్‌డాడీ' కూడా వద్దు. లూథరన్ బోధకుడిగా ఉండి కథోలిక సంఘంలో చేరి, ప్రత్యేక అనుమతితో గురువు, అంటే ఫాదర్, అయిన సంసారి ఇంటి కథ అది. ప్రతిభ గల రచనే అయినా, అందులోని మొరటు మాటలు పెద్దవారి ముందు చెప్పుకోదగినవి కావు.

తిరుగు మాట: గుంటూరు పాఠకురాలు

మీ అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఇన్ని వివరాలతో రాస్తారని అనుకోలేదు. ట్రాప్ కుటుంబంతో మొదలుపెట్టాలని నిశ్చయించుకున్నాము. పిల్లలు సినిమా చూసినవారు కాబట్టి ఎక్కడెక్కడ తేడా ఉందో వెతికే ఉత్సాహంలో ఉన్నారు. గోవా పుస్తకం మా అమ్మాయి తనకు ప్రత్యేకంగా తెప్పించమంది.

ఏలూరు అక్కయ్య గారిని ఒక్క విషయం అడగాలి. జెలీ గారి ఉత్తరాలు మా అత్తయ్య గారికి చెప్పాలని నాకు చాలా ఆశగా ఉంది. ఆమె కూడా పసిబిడ్డను పోగొట్టుకున్న తల్లి. ఆ మరణాల ఉత్తరాలు, చివరి జబ్బు ఉత్తరాలు ఆమెను బాధపెడతాయేమో అని సందేహిస్తున్నాను. ఎక్కడినుంచి ఎక్కడివరకు చెప్పవచ్చో దయచేసి సలహా ఇవ్వండి.

జవాబు: ఏలూరు పాఠకురాలు

మీ సందేహం న్యాయమైనదే. మొదటి ఉత్తరం నుంచి వరసగా వెళ్ళకండి. 1873 జనవరిలో తెరేజు పుట్టిన దగ్గర మొదలుపెట్టి, 1876 చివరిదాకా చెప్పండి. మెట్లెక్కే పిల్ల ఒక్కొక్క మెట్టు మీదా ఆగి "అమ్మా" అని పిలవడం, తల్లి పలికితేనే తరువాతి మెట్టెక్కడం, హాస్టల్లో ఉన్న పౌలీన్‌కు ఇంటి వార్తలన్నీ పూసగుచ్చినట్టు రాయడం, ఇవన్నీ ఆ సంవత్సరాలవే. పోయిన బిడ్డల ప్రస్తావన అక్కడక్కడా వస్తుంది, కాని వారిని కని పెంచినందుకు ఎన్నడూ విచారించలేదని, పరలోకంలో మళ్ళీ కలుసుకుంటామని ఆమె నిబ్బరంగా చెబుతుంది. అటువంటి దుఃఖం చూసిన ఒక తల్లిగా మీ అత్తయ్య గారు ఆ మాటలు మనకంటే బాగా అర్థం చేసుకుంటారని నా నమ్మకం. అయినా ముందుగా ఆమెనే అడగండి, మన అంతట మనం నిర్ణయించవద్దు.

1877 ఉత్తరాల్లో ఆమె రొమ్ము క్యాన్సరుతో బాధపడుతూ ఉంటుంది, ఆ ఆగస్టులోనే కన్నుమూసింది. వాటిలో ఒక్కటి మాత్రం విడిచిపెట్టవద్దు. జూన్‌లో ముగ్గురు పెద్ద కూతుళ్ళను వెంటబెట్టుకుని లూర్దుకు యాత్ర చేసి, స్వస్థత పొందకుండానే తిరిగివచ్చి, దారిలో పడిన పాట్లన్నీ చెబుతూ రాసిన ఉత్తరం అది. ఫిబ్రవరి 11న గుణదల మాత ఉత్సవానికి జనసమ్మర్దంలో వెళ్ళివచ్చేవారికి ఆ ప్రయాణపు కష్టాలు కొత్తవి కావు. మీ అత్తయ్య గారికి గుణదల వెళ్ళే అలవాటుంటే, ఆ ఉత్తరాన్ని కుదించకుండా మొత్తం చెప్పండి.